పెద్దకోడలి బోనం

యాకుత్‌పురాలో సోమయ్య కిరాణా దుకాణం అంటే జనానికి గుర్తొచ్చేది సోమయ్య కాదు, గల్లా దగ్గర కూర్చునే ఆయన భార్య చంద్రమ్మ. పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టేదాకా అక్కడే. పప్పు తూచడం, బేరమాడేవాళ్ల నోరు మూయించడం, అన్నీ కూర్చున్నచోటి నుంచే. గడప దాటితే రిక్షా. పెళ్లయినప్పటి నుంచి ఆమె నాలుకకు తప్ప వేరే అవయవానికి పని పడలేదని సోమయ్య అనేవాడు, ఆమె వినకుండా.

పందొమ్మిది వందల డెబ్భై నాలుగు మాఘంలో ఆమె అత్త పోయింది. ఏటా ఆషాఢంలో లాల్‌దర్వాజ అమ్మవారికి ఆ ఇంటి బోనం ఎత్తేది అత్తే. ఇక పెద్దకోడలి వంతు. ఉత్తకాళ్లతో, నెత్తిన కుండతో గుడిదాకా నడవాలి.

"నీతోని యాడైతది అక్కా? నువ్వు రిక్షాల రా, బోనం నేనెత్త," అంది తోడికోడలు సుందరమ్మ.

మంచికే అంది. కానీ ఆ ఇంట్లో బోనం ఒకసారి చెయ్యి మారితే మళ్లీ వెనక్కి రాదు. చంద్రమ్మకు ఒళ్లు మండింది.

"నా పాణం వోయినా నేనే ఎత్త!"

చైత్రంలో నడక మొదలుపెట్టింది. బుద్ధున్న మనిషైతే సందు చివరిదాకా పోయి వచ్చేది. ఈమె నిండు బిందె నెత్తిన పెట్టుకుని, చెప్పుల్లేకుండా, బండలు పరిచిన గల్లీల్లో మొదటిరోజే రైల్వేస్టేషన్ దాకా పోయి వచ్చింది. వారం తిరక్కుండానే మోకాళ్ల కింద, ముందువైపు, ఎముక పొడుగునా సలుపు పట్టుకుంది. వేలితో తాకితే ప్రాణం జివ్వుమనేది.

అప్పుడైనా ఆగిందా? ఇది అమ్మవారు పెడుతున్న పరీక్ష అని తీర్మానించుకుంది. నొప్పి పెరిగినకొద్దీ దూరం పెంచింది! చివరికి ఒక పొద్దున మంచం దిగి నిలబడలేక, గోడ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నొప్పికి కాదు, బోనం చేజారిపోతోందని.

సోమయ్య పరుగెత్తుకెళ్లి శివయ్య ఉస్తాద్‌ను పిలుచుకొచ్చాడు. తాలీంలో కుర్రాళ్లకు కుస్తీ నేర్పుతూ, విరిగిన ఎముకలకు కట్లు కట్టే ముసలాయన. ఆమె కాళ్లు మెల్లగా నొక్కి చూశాడు.

"ఇరగలేదు బిడ్డా. నొస్తుంటే ఎందుకు ఆగలే?"

"అమ్మవారి పరీక్ష గదా, ఎట్ల ఆగుత?"

ఉస్తాద్ నవ్వాడు. "అమ్మవారికి ఇంకేం పని లేదా? గిది నీ తొందర. కూసున్న కాళ్లను ఒక్కపారే బండల మీద ఉరికిస్తివి. తాలీంకు కొత్తగ వచ్చినోళ్లు గూడ గిట్లనే చేస్తరు. నొప్పి పోయేదాక నడక బంద్. చల్లటి తడిగుడ్డ కట్టు. తర్వాత చెప్పులేసుకొని, మెత్తటి మట్టి మీద, జెరంత జెరంత నడువు. నొస్తే ఆగు. బిందె సంగతి ఆఖర్ల."

"బోనాల నాటికి అయితదా?"

"ఆగితే అయితది. ఆగకుంటే నీ తోడికోడలే ఎత్తుతది."

ఏ తైలమూ చేయని పని ఆ మాట చేసింది. నడవడం కంటే ఊరికే కూర్చోవడం ఆమెకు పెద్ద శిక్ష అయింది. పళ్లు బిగబట్టి కూర్చుంది. నొప్పి పూర్తిగా తగ్గాక రైలుపట్టాల పక్క మట్టిబాటలో చెప్పులేసుకుని కొంచెం కొంచెంగా నడిచింది. ఎముక ఏమాత్రం సలిపినా, ఎంత కోపమొచ్చినా, వెనక్కి తిరిగింది. జ్యేష్ఠంలో చెప్పులు విడిచింది. బిందె అన్నిటికన్నా చివర నెత్తికెక్కింది.

బోనాల రోజు పసుపు కాళ్లతో, వేపమండలు కట్టిన కుండతో, పైన దీపంతో చంద్రమ్మ బయలుదేరింది. ముందు డప్పులు. గడప గడపకూ ఆడవాళ్లు వచ్చి ఆమె కాళ్ల మీద బిందెలతో నీళ్లు పోశారు. గుడి దగ్గరికొచ్చేసరికి జనం కిక్కిరిసి ఊరేగింపు నిలిచిపోయింది. ఎండ. నెత్తిన బరువు. సుందరమ్మ చేతులు చాచింది.

"కాళ్లు నొస్తున్నయేమో, జెరసేపు ఇటియ్యి అక్కా."

"కాళ్లా? యాడున్నయో గూడ యాదిలేదు. జరుగు!"

దారి దొరకగానే డప్పుకు సరిగ్గా అడుగేస్తూ నడిచింది. ఆమె కళ్లలో నీళ్లు, ముఖమంతా నవ్వు. అమ్మవారి ముందు కుండ తానే దించింది.

"ఈ బోనం ఎవరిదమ్మా?" అని అడిగారు లోపలివాళ్లు.

చంద్రమ్మ నోరు తెరిచేలోపే సుందరమ్మ గట్టిగా చెప్పింది. "మా అక్కది. మా ఇంటి పెద్దకోడలిది!"