మైకుబావ నిలబడిన మౌనం

వీధిలో చిన్నా పెద్దా అందరూ అతన్ని మైకుబావ అనే పిలుస్తారు. పెళ్లికైనా, చావుకైనా, ఎన్నికలకైనా అతని మైకు సెట్టే. బస్సులో బాంబు పేలి కూతురు పోయాక కూడా ఆ పని మానలేదు. మానితే పొయ్యి వెలగదు. ఉగ్రవాదానికి బలైనవాళ్లను దేశమంతా తలుచుకునే రోజున ఏటా మైదానంలో మైకు కట్టేదీ అతనే. మౌనం పాటించమనగానే మిగతా తండ్రులు తల దించుకుంటారు. అతను మాత్రం స్పీకర్లు కుయ్యిమని అరవకుండా యాంప్లిఫయర్ మీదికి వంగి కూర్చుంటాడు.

ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆ మౌనంలో పిల్ల తండ్రిగా నిలబడాలని అతని కోరిక. ఈసారి బావమరిదిని బతిమాలి యాంప్లిఫయర్ పెట్టె దగ్గర కూర్చోబెట్టాడు.

"మౌనం అనగానే వాల్యూమ్ తగ్గించు. మిగతావి ముట్టుకున్నావో, చెయ్యి విరుస్తా."

"మా అక్కని ఏనాడైనా ఇంత పదిలంగా చూసుకున్నావా బావా? వెళ్లు, అక్కడ ఒక్కతే నిలబడింది."

వేదిక మీద ఇస్త్రీ చొక్కాలు కిందటేడు కార్చిన కన్నీళ్లనే మళ్లీ కార్చాయి. తర్వాత మౌనం.

మైకుబావ భార్య పక్కన నిలబడి కళ్లు మూసుకున్నాడు. నవ్వితే ముక్కు ముడుచుకునేది పిల్ల. ఆ ముక్కు వచ్చింది. మిగతా మొహం వచ్చేలోపు ఎడమ స్పీకరులో సన్నగా గుంయ్‌మంది. ఎర్తు తీగ వదులైందా? పిల్ల ఆ రోజు ఏ గౌను వేసుకుంది? రొద పెరుగుతోంది. ఇంకాసేపటికి కుయ్యిమంటుంది, అందరి మౌనం మట్టిపాలవుతుంది. కాళ్లు వాటంతటవే కదిలాయి. జనాన్ని తోసుకుంటూ పరిగెత్తి, బావమరిదిని పక్కకి నెట్టి, పెట్టె మీద చెయ్యి వేశాడు.

వాల్యూమ్ సున్నా మీదే ఉంది.

"ఏం మోగలేదు బావా," బావమరిది గొంతు తగ్గించాడు. "ఒట్టు."

వేదిక మీద ఒకాయన మైకుని వేలితో తట్టి ఇటు చూశాడు. మౌనం అయిపోయింది. మైకుబావ వాల్యూమ్ పెంచాడు. ఆయన ధన్యవాదాలు చెప్పసాగాడు.

భార్య మెల్లగా వచ్చి పక్కన నిలబడింది.

"పోనీలెండి. వచ్చే ఏడు కూడా తమ్ముణ్ణే కూర్చోబెడదాం."

"వద్దు. అక్కడ నిలబడినా నాకు పెట్టే వినిపిస్తోంది."

ఎడమ స్పీకరు ధన్యవాదాల్ని శుభ్రంగా, ఒక్క రొద లేకుండా వినిపిస్తోంది.