రెండు సైకిళ్ళ మధ్య జగన్మోహన్

అమెరికాలో, నోవై అనే ఊళ్ళో తెలుగువాళ్ళెవరూ జగన్మోహన్‌ని అడక్కుండా వాషింగ్ మెషీన్ కూడా కొనేవారు కాదు. అతను కార్ల షాక్ అబ్జార్బర్లు తయారుచేసే కంపెనీలో టెస్ట్ ఇంజనీరు. రెండు వస్తువుల్ని పక్కపక్కన పెట్టి పోల్చి చూడటం అతనికి ఉద్యోగమే కాదు, పిచ్చి కూడా. పెళ్ళిచూపులప్పుడు నన్నూ ఇంకెవరితోనో పోల్చే ఉంటారని భార్య జయంతి నలుగురిలో ఎగతాళి చేసేది. అతను కాదనేవాడు కాదు, నవ్వి ఊరుకునేవాడు. అయితే అతను ఏరి తెచ్చిన వస్తువేదీ ఆ ఇంట్లో చెడిపోలేదు. ఆ మాట జయంతే ఒప్పుకునేది.

అలాంటి మనిషి 2011లో ఒక సైకిల్ దగ్గర ఇరుక్కుపోయాడు. శనివారాలు స్నేహితుడు రవికాంత్‌తో కలిసి మేబరీ పార్కు అడవిలో సైకిల్ తొక్కడం అతనికి అలవాటు. వారమంతా ఆఫీసులో తల వంచుకుని ఉండే మనిషి, ఆ ఒక్క పూట మాత్రం కుర్రాడై తిరిగొచ్చేవాడు. పాత సైకిల్‌కి ముందు చక్రానికే కుదుపులాపే సస్పెన్షన్ ఉంది. చెట్ల వేర్ల మీద ఎగిరిపడ్డప్పుడల్లా నడుం విరిగినంత పనయ్యేది. ఇక రెండు చక్రాలకీ సస్పెన్షన్ ఉన్నది కొనాలి. హాల్‌బెర్గ్ కంపెనీదా, టామరాక్ కంపెనీదా? మొదటిది ఎత్తు ఎక్కేటప్పుడు సుఖమట, రెండోది దిగేటప్పుడు సుఖమట. రవికాంత్ టామరాక్ కొనేసి, దాన్ని తొక్కి తొక్కి అప్పుడే పాతది చేసేశాడు కూడా. జగన్మోహన్ మాత్రం ఇంటర్నెట్‌లో ముక్కూ మొహం తెలియని వాళ్ళతో ఇంకా వాదిస్తూనే ఉన్నాడు.

"మీరు తేల్చేసరికి మనకి మనవలు పుట్టేస్తారు," అని జయంతి విసుక్కునేది. ఆమెకు ఈ కొనుగోలే ఇష్టం లేదు. ఐదు పదుల వయసుకి దగ్గరపడుతూ అడవిలో కాలో చెయ్యో విరగ్గొట్టుకుంటే ఎవరు చూస్తారు? ఆ వేసవిలో అతనికి చొక్కా బొత్తాలు పెట్టుకోడానికి చాలాసేపు పడుతుంటే, ధ్యాసంతా సైకిల్ మీదే ఉందనుకుంది. కాఫీ కప్పు చేజార్చినప్పుడు కసిరింది కూడా.

ఎట్టకేలకు ఆగస్టులో ఒక ఆదివారం ఇద్దరూ సైకిల్ షాపుకి వెళ్ళారు. అతని ఎత్తుకి సరిపడే సైకిళ్ళు రెండు కంపెనీలవీ వచ్చాయి. షాపు వెనక పార్కింగ్‌లో కాస్త వాలుగా ఉన్న చోటు చూపించి, తొక్కి చూసుకోమన్నాడు యజమాని.

ముందు హాల్‌బెర్గ్ ఎక్కాడు. వాలు దిగి వస్తూ, ఆగాల్సిన చోట ఆగలేక కాలు కింద పెట్టేశాడు.

"ఎడమ బ్రేకు మరీ గట్టిగా ఉంది. దీన్ని లిస్టులోంచి కొట్టేద్దాం," అన్నాడు. ఆ గొంతులో ఉత్సాహం చూసి, ఇన్నాళ్ళ గొడవ వదిలిందని జయంతి ఊపిరి పీల్చుకుంది.

టామరాక్ కూడా తొక్కాడు. అదే వాలు, అదే చోటు, మళ్ళీ కాలు పెట్టాడు. యజమాని బ్రేకు పిడిని వేళ్ళకి దగ్గరగా జరిపి ఇచ్చినా అంతే అయింది. జగన్మోహన్ రెండు సైకిళ్ళ వంకా మార్చి మార్చి చూశాడు.

"జయంతీ, నువ్వొకసారి ఈ ఎడమ బ్రేకులు నొక్కి చూడు."

చిన్నప్పుడు తెనాలిలో అద్దె సైకిల్ తొక్కడమే తప్ప ఆమెకు ఈ గోల తెలియదు. రెండు వేళ్ళతో ఒకదాని తర్వాత ఒకటి నొక్కింది.

"ఏం గట్టండీ? వెన్నలా ఉంటేను!" అని నవ్వేసింది.

అతను నవ్వలేదు. "ఆఫీసులో మేం చేసేదీ ఇదే. డౌట్ వస్తే పార్ట్ మార్చి చూస్తాం. మార్చినా ప్రాబ్లమ్ అలాగే ఉందంటే, ఫాల్ట్ ఆ పార్ట్‌ది కాదు," అని ఎడమ చెయ్యి చాపి చూసుకున్నాడు. జయంతీ చూసింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ లేదు. గుంటపడి ఉంది. రోజూ అన్నం వడ్డిస్తూ ఆ చేతిని ఎలా చూడలేదో ఆమెకు అర్థం కాలేదు.

"నిన్న పెరట్లో తవ్వారుగా, పట్టేసుంటుంది," అంది గబగబా. "కొనేద్దామండీ, ఇవాళే. ఏదో ఒకటి."

ఇన్నాళ్ళూ వద్దు వద్దన్న మనిషే బతిమాలుతోంది. సైకిల్ ఇంటికొస్తే చెయ్యి దానంతట అదే బాగుపడుతుందన్నంత ఆశగా ఉంది ఆమెకు.

"ఏది తీసుకోమంటావు?" అన్నాడు.

ఇన్నేళ్ళ కాపురంలో అతను ఆమెను ఆ మాట అడగడం అదే మొదలు. ఆమె ఎర్రరంగుది చూపించింది. సరేనని అతను లోపల కౌంటరు దగ్గర కుడిచేత్తో జేబులోంచి కార్డు తీసి యజమానికి ఇచ్చాడు. వారంటీ ఎన్నాళ్ళని అడగలేదు. ఆ ఎర్రది ఏ కంపెనీదో కూడా చూడలేదు.

అది మందులేని నరాల జబ్బని డాక్టర్లు చెప్పింది డిసెంబరులో. జయంతికి మాత్రం ఆ కౌంటరు దగ్గరే తెలిసిపోయింది. జనం చూస్తున్నారన్న సంగతి కూడా మరిచి, అతని చొక్కా పట్టుకుని ఏడ్చేసింది.

"అలా ఏదైతే అది కొనకండి. రెండిట్లో ఏది మంచిదో చెప్పండి. ఎప్పుడూ చెప్తారుగా, చెప్పండీ!"

"రెండూ మంచివే, జయంతీ," అన్నాడు జగన్మోహన్.