మామ్మ బుట్టకి ఇద్దరు కాపలా

మా మనవరాలికి కోపం వస్తే ముందు చెప్పులు ఎగురుతాయి, తర్వాత మాటలు. ఈ ఉదయం ఒక చెప్పు వరండా మెట్ల కింద పడింది, రెండోది లీచీ చెట్టు మొదట్లో. చేతిలో పేపరు ఉండలా నలిపి నా ఒళ్ళో పడేసింది. విప్పి చూస్తే, వచ్చే వారం మొదలయ్యే కాలేజీల బాస్కెట్‌బాల్ పోటీల కబుర్లు. ఏ జట్టు ఎలా ఉందో రాశారు. వీళ్ళ జట్టులో ముందు ఆడే పిల్లల గురించి బారెడు రాసి ఫోటో కూడా వేశారు. గార్డులు, అంటే మా మనవరాలూ దాని స్నేహితురాలూ, చివర ఒక్క వాక్యంలో తేలిపోయారు: గార్డుల గురించి చెప్పుకోడానికేమీ లేదట. "గెట్ సా, తాతా!" అంది. ఇది చూడు, అని. దాని మాటల్లో తాత అన్న పిలుపొక్కటే తెలుగు, మిగిలిందంతా క్రియోల్, ఈ దీవిలో అందరూ మాట్లాడే ఫ్రెంచి యాస. కానీ ఏడుపు ఆపుకోడానికి ముక్కు ఎగబీల్చే తీరు మాత్రం అచ్చం మా మామ్మదే.

నేను నవ్వాను. పిల్ల ఏడుస్తుంటే నవ్వడమేమిటని కోడలు వంటింట్లోంచి కేకేసింది. ఏం చెయ్యను? దాదాపు ఏభై ఏళ్ళ కిందట నా మీదా ఒక్క వాక్యమే రాశారు. అది నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. రాసినవాడు పోయి కూడా చాలాకాలమైంది. పోయినవాళ్ళ మీద కోపం ఉంచుకోకూడదంటారు పెద్దలు. నేనే పెద్దవాణ్ణి ఇప్పుడు, ఉంచుకుంటాను.

అప్పట్లో మేం బెల్ ఎయిర్ అవతల చెరకు తోటల కాంపులో ఉండేవాళ్ళం. కాంపు అంటే ఎస్టేటు కూలీల ఇళ్ళ వరసలు. ఆ వరసల్లోంచి కాలేజీ మెట్లెక్కిన మొదటివాళ్ళం ఇద్దరమే, నేనూ మా మేనత్త కొడుకూ. బావ నాకంటే ఏడాది పెద్ద, నా భుజానికి వచ్చేవాడు. నేను తాటిచెట్టంత ఎదిగి, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక తిరిగేవాణ్ణి. కాలేజీ అంటే ఇక్కడ హైస్కూలే, ఏ మేడో అనుకునేరు. రేకుల కప్పు కింద నాలుగు గదులు. వానొస్తే మాస్టారి నోరు కదలడం కనిపించేది తప్ప పాఠం వినిపించేది కాదు. మా ఆటల మాస్టారు మొదటి యుద్ధంలో పనివాళ్ళ పటాలంతో ఎడారి దేశానికి వెళ్ళి, అక్కడ సోల్జర్లు ఆడుతుంటే ఈ బాస్కెట్‌బాల్ చూసి వచ్చాడు. చూసినదాంట్లో సగం మరిచిపోయి, ఆ సగానికి నియమాలు తనే కల్పించాడు. మొత్తం అయిదుగురు. ఇద్దరు ముందు, ఒకడు మధ్య, ఇద్దరు వెనక. ఆ వెనక ఇద్దరే గార్డులు. ఇప్పటిలా మైదానమంతా పరుగులు పెట్టే పని లేదు వాళ్ళకి. మన బుట్ట కింద నిలబడి, అవతలివాణ్ణి వెయ్యనివ్వకుండా చూసుకోవాలి. బుట్ట వేసినవాడికి చప్పట్లు కొడతారు, ఆపినవాణ్ణి ఎవడు చూస్తాడు? కూరలో కరివేపాకు లాంటి ఆ పని ఎవరికీ అక్కర్లేక మా ఇద్దరికీ వచ్చింది.

బుట్ట సంగతీ చెప్పాలి, ఎందుకంటే అసలు చిక్కంతా దాంట్లోనే ఉంది. చెరకు మిల్లులో పాత పీపాల నుంచి ఊడదీసిన ఇనప కట్లు రెండు మాస్టారు సంపాదించాడు. వాటికి కింద వేలాడదీయడానికి వల లేదు. మా మామ్మ, అంటే నాకు నాయనమ్మ, బావకి అమ్మమ్మ, మొగలాకు లాంటి వాకువా ఆకుతో బుట్టలల్లేది. బెల్ ఎయిర్ సంతకొచ్చే ఆడవాళ్ళలో సగంమంది చేతుల్లో ఆవిడ బుట్టలే. మావైపు కట్టుకి ఒకటి అల్లమన్నాం, అడుగు వద్దన్నాం. "అడుగు నేని బుట్ట ఎవుడికిరా? దాంట్లో గాలెడతారేటి?" అని గంటసేపు నవ్వింది. చిన్నప్పుడు కోరంగి రేవులో ఓడెక్కి ఈ దీవికి వచ్చిన మనిషి ఆవిడ. ఇన్నేళ్ళు క్రియోల్ మధ్య బతికినా ఆ యాస చెక్కుచెదరలేదు. నవ్వుతూనే అల్లింది. ఇంట్లోంచి కొత్త వస్తువేదీ ఉత్తిగా గడప దాటకూడదని, పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి మరీ ఇచ్చింది.

ఇక్కడివాళ్ళకి తెలిసిందే అయినా, దూరంవాళ్ళ కోసం చెబుతున్నాను. మా తెలుగువాళ్ళకి రామభజన అంటే కూర్చుని పాడేది కాదు. నడుమ దీపపు సెమ్మె పెట్టి, చుట్టూ వలయం కట్టి, తాళానికి చిందేస్తూ తిరగాలి. అడుగు మారొచ్చు, పాట మారొచ్చు, కాళ్ళు వాచిపోవచ్చు, దీపానికి మాత్రం వీపు చూపించకూడదు. మా కాంపులో భజన నడిపించేది మామ్మే. నడక సరిగ్గా రాకముందే మాకు ఆ చిందు వచ్చేసింది. చిన్నప్పుడు పొరపాటున వీపు తిప్పితే, పిక్క మీద తాళం చిప్పతో ఒక్కటిచ్చేది.

మరి అలాంటి పిల్లల్ని పసుపూ కుంకుమా పెట్టిన బుట్ట కింద నిలబెడితే ఏమవుతుంది? అదే అయింది. మొదటి రోజు ప్రాక్టీసులో చిన్న క్లాసు కుర్రాళ్ళు మా నెత్తి మీదుగా ఏడు బుట్టలు వేశారు. మేమేమో బుట్టకేసి మొహం పెట్టి, బుద్ధిగా, కుడికీ ఎడమకీ అడుగులేస్తున్నాం! బంతి వెనకనుంచి వచ్చి పడుతోంది. "తిరగండ్రా, తిరగండి!" అని మాస్టారు గొంతు చించుకున్నాడు. తిరుగుతాం, నాలుగడుగులకి మళ్ళీ బుట్టవైపే. ఏమైందని తర్వాత బావనడిగితే, "ఏమోరా, దానికి వీపు పెడితే పిక్క మీద మంటెడుతోంది" అన్నాడు. నాకూ అంతే.

మర్నాడు పొద్దున్న కాలేజీ వరండాలో కాగితం వెలిసింది. మా జట్టులో ముందు ఆడే ఒకడు, ఎస్టేటు పెద్ద గుమాస్తా కొడుకు, చక్కని ఫ్రెంచిలో సీజను ముందు జట్టు బలాబలాలు రాసి అంటించాడు. తన గురించి తనే పద్నాలుగు పంక్తులు రాసుకున్నాడు. మా గురించి ఆఖర్న ఇది: 'గార్డులు ఇద్దరు కొరింగీలు; దీపం చుట్టూ తిరగడం తప్ప మరేమీ తెలియదు.' కోరంగి నుంచి వచ్చినవాళ్ళ పిల్లలం కాబట్టి కొరింగీలం. ఆ మాటలో తప్పేమీ లేదు, దాన్ని అనే తీరులోనే ఉంది. వరండా అంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. బావ మాత్రం ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, "దస్తూరీ బాగుంది" అన్నాడు. బావ అలా నెమ్మదిగా మాట్లాడాడంటే లోపల కుతకుత ఉడుకుతున్నట్టు.

మాస్టారు పిలిచి తేల్చి చెప్పేశాడు. శనివారం పోర్ట్ లూయీ జట్టు రైల్లో వస్తుంది. మొదటి సగం మమ్మల్ని ఆడనిస్తాడు. ఇలాగే నిలబడితే విరామంలో ఇద్దరినీ తీసేస్తాడు, ఇక ఈ ఏడాదికి అడగకూడదు. నేనైతే వచ్చే ఏడు చూసుకోవచ్చు. పరీక్షలయ్యాక బావని మిల్లులో పనికి రమ్మని వాళ్ళ నాన్న, మా మావయ్య, ముందే చెప్పేశాడు. అతనికి ఆడుకోడానికి ఉన్నది ఆ ఒక్క సీజనే. పైగా కాంపులో సగంమంది ఆట చూడ్డానికి బయల్దేరుతున్నారు. వాళ్ళందరి ముందూ మమ్మల్ని గొడ్లని తోలినట్టు పక్కకి తోలితే, మా తర్వాత ఆ కాంపు నుంచి ఎవడు ధైర్యంగా కాలేజీ మెట్లెక్కుతాడు?

శుక్రవారం దీపాలు పెట్టే వేళకి మామ్మ వాకిట్లో ఆకు చీలుస్తూ, "ఏట్రా ఆ మొకాలు?" అంది. చెప్పాం. కాగితం మాట కూడా చెప్పాం. కొరింగీలు అన్న దగ్గర ఆకు చీల్చడం ఆపింది. బుట్టకి వీపు పెట్టలేకపోతున్నామన్న దగ్గర నవ్వడం మొదలెట్టింది. ఆ నవ్వుతోనే లేచి, వెలుగుతున్న సెమ్మె చేతిలోకి తీసుకుంది.

"ఊరేగింపు రోజున దీపం ఎక్కడుంటాదిరా?" అంది.

"చేతిలో" అన్నాను.

"మరి దానెదురుగా సిందేసేవోళ్ళు?"

"వెనక్కి వెనక్కి నడుస్తారు" అన్నాడు బావ. అని, నోరు తెరిచి నావైపు చూశాడు.

మామ్మ మా మీదికి నడిచొచ్చింది. మేం దీపాన్ని చూస్తూ వెనక్కి అడుగులేశాం. ఎడమకి జరిగింది, మేమూ జరిగాం. గబుక్కున కుడికి తిప్పింది, కాళ్ళు వాటంతటవే తిరిగాయి. నోటితో తాళం వేస్తూ, వాకిలంతా మమ్మల్ని చిందేయించింది. ఆఖరికి ఆయాసపడుతూ గడప మీద కూలబడి, "ఆళ్ళ సేతిలో బంతే దీపం అనుకోండి. నా బుట్టకి మీ మొకాలెందుకురా, ఎదవల్లారా? దానికి మీ యీపులు కావాల" అంది. ఆవిడే చెప్పాక ఇక పిక్కకి భయమేముంది?

శనివారం పోర్ట్ లూయీ వాళ్ళు బూట్లతో దిగారు. మాకు పాదాలే. వాళ్ళ కెప్టెన్ మా గార్డులెవరని అడిగితే గుమాస్తా కొడుకు మమ్మల్ని గడ్డంతో చూపించాడు, ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వుకోండి నాయనా అనుకున్నాను. చెరకు పిప్పి బూడిదతో గీసిన గీతల అవతల కాంపు ఆడవాళ్ళు కూర్చున్నారు, మధ్యలో మామ్మ. తాళాలు తెచ్చుకుంది మహాతల్లి!

బంతి మావైపు రాగానే మామ్మ తాళం మొదలెట్టింది. నేను బంతినే చూశాను. బంతి పట్టుకున్నవాడు ఎటు కదిలితే నా కాళ్ళు అటు కదిలాయి. బావ నా ఎడమన. మా ఇద్దరి మధ్యా మూరెడు సందు, అది పెరగలేదు, తరగలేదు. వాడు దూకితే నా చేతులు పైనున్నాయి, వంగితే బావ కిందున్నాడు. వాళ్ళు తోశారు, బూటుతో నా బొటనవేలు తొక్కారు, గోరు ఊడిపోయింది. నేను మాత్రం జరగలేదు. విరామం దాకా మామ్మ బుట్ట ఒక్క బంతినీ మింగలేదు. మాస్టారు నారింజకాయ తింటూ మా దగ్గరికొచ్చాడు. ఆయన నా వేలు చూశాడు, మా మొహాలు చూశాడు. "రెస్తే" అన్నాడు. ఉండండి, అని.

గెలిచామా అంటే, లేదు. రెండో సగంలో మాస్టారి నియమం ప్రకారం వాళ్ళకి ఎవరూ అడ్డుపడకుండా ఒక్కసారి బంతి వేసే వీలు దొరికింది. మేం పక్కకి తప్పుకుని నిలబడాల్సి వచ్చింది, బంతి పడింది. ఆట మొత్తానికి మా బుట్టలో పడింది ఆ ఒక్కటే. అవతలి కట్టులో మా వీరులు వేసినవి ఎన్నంటారా? ఒక్కటీ లేదు! పద్నాలుగు పంక్తుల గుమాస్తా కొడుకు, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఇనప కట్టు వంకరగా ఉందన్నాడు.

సోమవారం కొత్త కాగితం వెలిసింది. ముందు ఆడేవాళ్ళ దురదృష్టం గురించి పేజీడు రాశాడు. గార్డుల గురించి ఈసారి ఆ ఒక్క వాక్యం కూడా లేదు. బావ జేబులోంచి సుద్దముక్క తీసి, కాగితం కింద గోడ మీద, సాయంత్రాలు పంతులు దగ్గర దిద్దుకున్న తెలుగు అక్షరాల్లో పెద్దగా రాశాడు: 'కొరింగీలం. ఇక్కడే ఉన్నాం.' అదేమిటని గుమాస్తా కొడుకు అడిగాడు. "నేర్చుకుని చదువుకో" అన్నాడు బావ. ఆ సీజనంతా ఆ గోడని ఎవరూ తుడవలేదు, ఆ బుట్ట కిందనుంచి మమ్మల్ని ఎవరూ కదపలేదు.

తర్వాత బావ మిల్లుకి వెళ్ళాడు, మా చెల్లెల్ని చేసుకున్నాడు. వాళ్ళ కూతురే ఇప్పుడు వంటింట్లోంచి నన్ను కేకలేస్తున్న నా కోడలు. అంటే ఈ చెప్పులు విసిరే పిల్ల ఆ ఇద్దరు గార్డులకీ మనవరాలే. బావ పోయి మొన్న వానలకి రెండేళ్ళు.

కథంతా విని పిల్ల ముక్కు తుడుచుకుని లోపలికెళ్ళి బంతి తెచ్చింది. "చూపించు" అంది, ఈసారి తెలుగులోనే. లేచాను. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. వాకిట్లో బంతికి ఎదురుగా, వెనక్కి వెనక్కి, తాళం నోటితోనే వేసుకుంటూ అడుగులేశాను. అది కుడికొచ్చింది, ఆపాను. మళ్ళీ కుడికొచ్చింది, ఆపాను. ఎడమకి తిరిగింది. అటు నేను చూడను, అది బావ చూసుకునే వైపు. సునాయాసంగా దాటిపోయింది.

ఆయాసం తగ్గేదాకా మెట్టు మీద కూర్చున్నాను. కళ్ళు తుడుచుకుంటే చెమటనుకుంది పిల్ల. "ఆ ఎడమవైపు నిలబడు" అన్నాను. నిలబడింది. మా ఇద్దరి మధ్యా మూరెడు సందు. కాలం బావని దాటుకుపోయింది, నన్నూ ఏదో ఒకరోజు పక్కకి తప్పుకోమంటుంది. అందాకా ఆ కాలానికి ఎదురుగా ఇక్కడే ఉన్నాం.