ముట్టించని కర్పూరం

ముందే చెబుతున్నాను, నేను కోతలు కోసేవాణ్ణి. మా ఊరి ఎండను నేను వర్ణిస్తే ఆలూరు సంతలో బల్లులు కూడా గొడుగులు బేరమాడతాయి. కాబట్టి ఆరేండ్లుగా గుండెల మీద మోస్తున్న బరువు తిరగలి రాయంత ఉందంటే మీరు సగం తగ్గించుకుంటారు. తగ్గించుకోండి. మిగిలిన సగమే నాకు మోయలేనంత.

ఈరన్న అప్పట్లో మా ఊరి పంచాయతీ ప్రెసిడెంటు. చిన్నప్పటి నుంచీ నా జతగాడు. కర్నూలు రాజధాని అయిన ఏడు అతను ఎన్నికల్లో నిలబడితే, ఏ వీధీ వదలకుండా గేరి గేరికీ తిరిగి జనాన్ని నవ్వించి గెలిపించింది నేను. ఎదుటివాడి మీసాల్లో పిచ్చుకలు మూడు కాపురాలు పెట్టాయని చెప్పిందీ నేనే. గెలిస్తే మొదటి బావి మా గేరిలోనే అని ఈరన్న మాటిచ్చాడు. నీళ్ళకు మైలు నడిచే బాధ తప్పుతుందని మా ఇంటిదానికి చెప్పేశాను. మైలంటే, నా లెక్కలో, మంత్రాలయం దాకా.

గెలిచాడు. బావి కూలోళ్ళ గేరిలో తవ్వించాడు. వాళ్ళకు వంక ఇసుకలో తోడుకునే చెలమ తప్ప దిక్కులేదు. అది నాకు తెలియదా? తెలుసు. తెలిసీ మండిపోయాను. నా నోటితో గెలిచి నన్నే మోసం చేస్తాడా?

కాఫీ హోటల్లో ఒకతని చెవిలో వేశాను, నా పేరెత్తొద్దని ఒట్టు పెట్టించుకొని. బావి గట్టుకు తెచ్చిన బండలు తెల్లవారుజామున ఈరన్న ఇంటి ముందు దిగడం చూశానని. ఎద్దుల మెడగంటలు మోగకుండా గుడ్డలు చుట్టారని. ఒక బండి అన్నాను. సాయంత్రానికి అది ఏడు బండ్లయి నా దగ్గరికే తిరిగొచ్చింది.

నింద తేల్చుకోవడానికి మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. ఆంజనేయస్వామి ముందు, చూసినవాడు కర్పూరం ముట్టించాలి. నింద పడ్డవాడు దాన్ని అరచేత్తో ఆర్పాలి. ఆర్పితే ఇక ఎవరూ ఆ మాట ఎత్తకూడదు. శనివారం ఈరన్న తడిబట్టలతో వచ్చి నిలబడ్డాడు.

"చూసినోళ్ళెవరో వచ్చి ముట్టియ్యండప్పా" అన్నాడు పూజారి.

ఎవరూ కదల్లేదు. అగ్గిపెట్టె నా జేబులోనే ఉంది. ప్రెసిడెంటుకు భయపడి చూసినవాడు రాలేదని జనం తేల్చుకున్నారు. ముట్టించేవాడు లేక, ఆర్పడానికి ఈరన్నకు ఏమీ లేకపోయింది.

మర్నాడు మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. నేను చుట్ట ముట్టిస్తున్నాను.

"గంటలకు గుడ్డలు చుట్టినారంట. అంత సొగసుగా చెప్పేటోడు ఈ ఊర్లో ఇంకెవరుండారప్పా?"

"చూసినా కాబట్టి చెప్పినా."

నా చేతిలో అగ్గిపుల్లను చూశాడు.

"నీ చుట్టకు అగ్గి ఉండాది. నా కర్పూరానికే లేకపోయె."

ఆ నెలలోనే రాజీనామా ఇచ్చాడు. మళ్ళీ నిలబడలేదు. ఇప్పటికీ ఎదురుపడితే పక్కకు తప్పుకొని దారిస్తాడు. తిట్టినా బాగుండేది. తిట్టు తింటే తీరిపోతుందా? ఏమో.

బల్లులు, పిచ్చుకలు, మంత్రాలయం, అవన్నీ సాగదీసినవి. సాగదీయాలంటే కొసన ఎంతో కొంత నిజం ఉండాలి. ఏమీ లేకుండా కల్పించింది ఒక్కటే. ఆ బండి. ఆ తెల్లవారుజామున నేను నిద్రే లేవలేదు.