ఎదురింటి ప్రోషె

మా ఫ్రిజ్ తలుపు మీద ఇప్పటికీ ఒక పసుపు కాగితం అంటించి ఉంటుంది. పైన తెలుగులో ‘ప్రోషె’ అని, దాని కింద వరసగా ప్లీజ్, హియర్ యూ ఆర్, యూ ఆర్ వెల్‌కమ్, కమ్ ఇన్, గో అహెడ్, పార్డన్ అని నా చేతిరాత. అది పోలిష్ మాట. దాని ఇంగ్లీషు అర్థాలన్నీ ఫోన్‌లో వెతికి రాసుకున్నాను. అన్నీ రాసుకుని కూడా ఆ వారం ఎంత ఏడ్చానో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

అప్పటికి మేము అమెరికాలో షామ్‌బర్గ్ అనే ఊళ్ళో ఆ అపార్ట్‌మెంట్‌కి మారి ఏడాది. పాపకి పద్నాలుగు నెలలు. ఉద్యోగం చేసుకోవడానికి అనుమతినిచ్చే కార్డు నాలుగేళ్ళు ఎదురుచూశాక చేతికొచ్చింది. దాని వెనకే ఉద్యోగమూ దొరికింది. సోమవారం చేరాలి. డేకేర్ వాళ్ళేమో ఎండాకాలం దాకా ఖాళీ లేదన్నారు. ఉద్యోగం వచ్చిందని అందరికీ స్వీట్లు పంచిన మనిషిని, పాపని ఎక్కడ ఉంచాలో తెలియక గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను.

ఎదురు ఫ్లాట్‌లో ఒక పోలిష్ పెద్దావిడ కూతురితో కలిసి ఉండేది. ఆవిడకి ఇంగ్లీషు పట్టుమని పది మాటలు రావు. ‘ప్రోషె’ ఒక్కటి ఉంటే చాలు, రోజు గడిచిపోయేది. లిఫ్ట్ తలుపు పట్టుకుని నన్ను ముందు వెళ్ళమంటూ ప్రోషె. పాప పారేసిన టోపీ తీసిచ్చి ప్రోషె. నేను థాంక్యూ అంటే ప్రోషె. నా మాట అర్థం కాకపోతే కనుబొమలెత్తి ప్రోషె? ఒక మాటతో ఇన్ని పనులా అని మొదట్లో నవ్వుకునేదాన్ని. తరవాత తోచింది, మనకి మాత్రం ప్లీజ్‌కి సరైన మాట ఎక్కడుంది? ‘కాస్త ఆ గ్లాసు అందుకో’ అంటాం. ఆ ‘కాస్త’లోనే మర్యాద, చనువు, ఆజ్ఞ అన్నీ ఇమిడ్చేస్తాం. అప్పటినుంచి ఆవిడ ప్రోషె మీద నాకు గౌరవం పెరిగింది.

ఒకరోజు మెయిల్‌బాక్సుల దగ్గర ఆవిడ కూతురు కనబడితే నా గోడు చెప్పుకున్నాను. మా అమ్మకి పిల్లలంటే ప్రాణం, రోజంతా ఇంట్లోనే ఉంటుంది, నువ్వే వచ్చి అడిగితే సంతోషిస్తుంది అని ఇంగ్లీషులో చెప్పింది. అడగందే అమ్మయినా పెట్టదు కదా. గురువారం మినప్పిండి వేయించి సున్నుండలు చేసి, స్టీలు డబ్బాలో పెట్టి, పాపని చంకనేసుకుని వెళ్ళాను.

తలుపు తీసిన మనిషి ముఖం నిండా నవ్వే. నేను మొహమాటంతో బయట నిలబడే “ఫర్ యూ” అని డబ్బా చాచాను. ఆవిడ గబుక్కున చేతులు వెనక్కి తీసుకుంది. నవ్వు పోయింది. “నో, నో” అంటూ వేలితో నా కాళ్ళ దగ్గర నేల చూపించింది. “ప్రోషె, ప్రోషె” అంటూ రెండడుగులు వెనక్కి వేసింది. నా బూట్ల వైపు చూసుకున్నాను. కరిగిన మంచు, రోడ్డు మీద చల్లిన ఉప్పు, తెల్లగా మరకలు. నా మనసు పసుపు కాగితంలోంచి ఒక్క అర్థాన్నే ఏరుకుంది. ప్లీజ్. ప్లీజ్, వద్దు. సారీ అని గొణిగి వెనక్కి తిరిగాను. ఆవిడ వెనకనుంచి ఏదో అంటూనే ఉంది. నేను వినిపించుకోలేదు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు ఆ సాయంత్రం గిన్నెలన్నీ సింక్‌లో ఎత్తి పడేశాను. 

“ఆవిడకి ఇంట్రెస్ట్ లేదేమో, వదిలెయ్. డేకేర్‌కి ఇంకోసారి కాల్ చెయ్” అన్నాడు మా ఆయన, సున్నుండ నములుతూ.

“ఎన్నిసార్లు కాల్ చేయను? మన డబ్బా ముట్టుకోవడానికే ఆవిడకి చేతులు రాలేదు. పాపనేం ఎత్తుకుంటుంది?”

“జాయినింగ్ పోస్ట్‌పోన్ చేయమని అడుగు పోనీ.”

అడిగాను. కుదరదన్నారు. ఉద్యోగంలో చేరలేకపోతున్నానని మేనేజర్‌కి ఈమెయిల్ రాసి, పంపకుండా డ్రాఫ్ట్‌లో ఉంచాను. శుక్రవారం సాయంత్రం అయిదింటికి పంపేద్దామనుకున్నాను. నాలుగేళ్ళ ఎదురుచూపు నాలుగు వాక్యాల్లో అయిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి బెల్ మోగింది. పక్క బిల్డింగ్‌లో ఉండే నా స్నేహితురాలు, వరంగల్ అమ్మాయి, నా మిక్సీ జార్ తిరిగివ్వడానికి వచ్చింది. తలుపు బయటే నిలబడి జార్ చాచింది.

“ఇగో తీస్కో. కార్ స్టార్ట్ చేసి పెట్టొచ్చిన, జల్ది పోవాలె.”

“అలా గడప అవతలనుంచి ఇవ్వకు, లోపలికి రా” అన్నాను. చేతులు వెనక్కి తీసుకుని, రెండడుగులు వెనక్కి వేసి మరీ అన్నాను.

“అమెరికా వచ్చినా నీ పట్టింపులు పోలేదా?” అని నవ్వుతూ లోపలికొచ్చి జార్ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

ఆ జార్ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. కింద చూశాను. గడప అనడానికి అక్కడేం లేదు, కార్పెట్‌కీ కారిడార్‌కీ మధ్య వేలెడు వెడల్పు అల్యూమినియం పట్టీ. నిన్న ఆవిడ వేలు చూపించింది నా బూట్లనా, ఆ పట్టీనా? నా ఒళ్ళు నేర్చుకున్న ఆచారమే ఎదురింటావిడ ఒంట్లో ఉంటే పోల్చుకోలేకపోయాను. సిగ్గేసింది.

మా ఆయన మిగిల్చిన సున్నుండలే డబ్బాలో సర్దుకుని, పాపని ఎత్తుకుని వెళ్ళాను. ఆవిడ తలుపు తీసింది. ఈసారి డబ్బా చాచలేదు. బూట్లు బయట విడిచి, పట్టీ దాటి లోపలికి వెళ్ళి, అప్పుడిచ్చాను. ఆవిడ రెండు చేతులా అందుకుని గుండెకి ఆనించుకుంది. వెంటనే కూతురికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

“అమ్మ రాత్రంతా బాధపడింది” అంది కూతురు ఇంగ్లీషులో. “లోపలికి రమ్మంటే ఆ పిల్ల ఎందుకు వెళ్ళిపోయిందని ఒకటే అడుగుతోంది. మా వాళ్ళు గడప మీదుగా ఏదీ పుచ్చుకోరు, అరిష్టమంటారు.”

“మా వాళ్ళూ పుచ్చుకోరు” అన్నాను. నవ్వబోతే ఏడుపొచ్చింది. పాప సంగతి అడిగాను. కూతురు తర్జుమా చేయడం పూర్తయ్యేలోపే ఆవిడ తల ఊపేసింది. ఇంటికొచ్చి ఆ ఈమెయిల్ డిలీట్ చేశాను.

సోమవారం పొద్దున్న ఏడున్నరకి పాపతో, పాప సంచితో ఆ తలుపు ముందు నిలబడ్డాను. అంతా మాట్లాడుకున్నదే. అయినా పాపని విడిచి ఒక్క పూటయినా ఉండని చేతులు కదా, బిగుసుకుపోయాయి. ఆవిడ లోపల నిలబడి ఉంది. తొందరపెట్టలేదు. చేతులు చాచలేదు. పట్టీకి ఇవతల నేను, అవతల ఆవిడ. నేనే ఒక అడుగు లోపలికి వేశాను. అప్పుడు చేతులు చాచింది.

“ప్రోషె” అంది, మెల్లగా.

నా కాగితం మీది ఇంగ్లీషు మాటలేవీ గుర్తు రాలేదు. ఇటివ్వమ్మా, నేనున్నాగా అన్నట్టే వినబడింది. పాపని అందించాను. అది ఒక చేత్తో నా జుట్టు వదలకుండా, రెండో చేత్తో ఆవిడ మెళ్ళో గొలుసు పట్టుకుంది. కాసేపటికి నా జుట్టు వదిలేసింది. నేను ఆఫీస్‌కి వెళ్ళాను.