ఒక్కపొద్దు అనుకున్నాను

చిన్నోడా, నువ్వు పోయి నెల దాటింది. నీ మీద కోపం ఇంకా పోలేదు.

చదివేవాళ్లకు చెబుతున్నాను. నా చిన్న కొడుకు జ్వరంతో పోయాడు. జ్వరం వచ్చిన మూడో రోజున మా ఊరు అంకిస నుంచి సిరొంచ దవాఖానకు తీసుకుపోయాం. ఒంట్లో జ్వరాన్ని తట్టుకునే సత్తువే లేదన్నారు. అంత ఒడ్డూ పొడుగూ ఉన్న పిల్లాడికి సత్తువ లేకపోవడమేమిటని అందరూ అడిగారు. నాకు మాత్రం ఏం తెలుసు అప్పుడు?

వాడు కాలేజీ కబడ్డీ ఆటగాడు. మూలన నిలబడేవాడు. కూతకు వచ్చినవాడి చీలమండ పట్టి ఆపడం వాడి పని. ఇంట్లోనూ అదే ఆట. నేను వాకిలి ఊడుస్తుంటే వెనక నుంచి వచ్చి కాలు పట్టేవాడు.

“ఇడిపించుకో చూద్దాం అమ్మ!”

“చీపురు తిరగేస్తే తెలుస్తది కొడుకా, ఇడువు!”

“పట్టినంక ఇడ్వొద్దని మా సార్ చెప్పిండు.”

ఈ ఏడు ఆ మూల జాగాకు ఇద్దరు పోటీ పడ్డారు, మావాడూ, జింగనూర్ పిల్లాడూ. ఆటకు బరువు హద్దు ఉంటుందట. ఇద్దరూ దాటారు. ఎవరు ముందు హద్దులోకి దిగితే వాళ్లకే మూల అన్నాడట సార్. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. వాడు నాతో అన్నది ఇంతే.

“రాత్రికి నాకు వండకే. ఒక్కపొద్దున్న.”

“ఏ దేవునికిరా?”

“హనుమంతునికి. టీంల జాగ దొరకాలె గద.”

ముందు శనివారం అన్నాడు, తర్వాత రోజూ అన్నాడు. “రోజూ ఏం ఒక్కపొద్దురా?” అంటే, “మొక్కు పెద్దదే అమ్మ” అని నవ్వాడు. కొడుక్కి భక్తి కుదిరిందని వాడకట్టంతా చెప్పుకుని మురిశాను. వాడి అన్నం కోళ్లకు వేశాను. నీళ్లు గుక్కెడే తాగుతుంటే అదీ నియమమే అనుకున్నాను. జ్వరం వచ్చినా చెప్పలేదు, జాగా పోతుందని. నేనంటే నాలుగక్షరాలే వచ్చినదాన్ని. కాలేజీకి పోయేవాడివి, నీకేమైందిరా?

మొన్న జింగనూర్ పిల్లాడు వచ్చాడు. గడపలో నిలబడి ఏడుస్తూ అంతా చెప్పాడు.

“జాగ వానికే దొరికిందమ్మ. తూకంల సరిపోయిండు.”

సరిపోయాడట. ఒక్క ఆటైనా ఆడకుండానే పోయాడు. ఇప్పుడా మూలన వీడు నిలబడాలట. లోపలికి పిలిచి అన్నం, చేపల పులుసు పెట్టాను. కంచంలో చెయ్యి పెట్టలేదు.

“ఏంది బిడ్డా, తినవు?”

“వద్దమ్మ. ఎల్లుండి తూకం ఉన్నది.”

నాకు ఒళ్లు మండిపోయింది. “నీ తూకం మన్నువడ! ఇంట్ల మీ అమ్మకు ఏమని చెప్పినవ్?”

తల వంచుకున్నాడు.

“ఒక్కపొద్దని.”

కంచం వాడి ముందుకు జరిపి, ఎదురుగా కూర్చున్నాను. మెల్లగా ముద్ద కలిపాడు. వాడు మెతుకు మిగలకుండా తినేదాకా నేను లేవలేదు.

ఇది చదివేవాళ్లు ఎవరైనా సరే, కడుపునిండా తినండి.