వరలక్ష్మి టీచర్ లాల్ భాజీ మడి

నిన్న పొద్దున్న కుక్కర్ దించుతుంటే ఫోన్ మోగింది. వరలక్ష్మి టీచర్ కోడలు.

"అత్తయ్యగారు పోయారండీ," అంది. ఇంకేదో కూడా చెప్పింది. నాకు వినపడలేదు.

స్టవ్ కట్టేసి అలాగే కింద కూర్చున్నాను. మొన్న ఆదివారమే వెళ్దామనుకున్నాను. కోహ్కాలో మా ఇంటికీ ఆవిడ ఇంటికీ నడిస్తే పది నిమిషాలు. వెళ్లలేదు.

ఈ పోస్ట్ మన భిలాయి వాళ్ల కోసం. ముఖ్యంగా, డెబ్బైల చివర్లో సెక్టర్ 2 స్కూల్లో నాతో మూడో తరగతి చదివినవాళ్ల కోసం.

వరలక్ష్మి టీచర్ మనకి సైన్స్ చెప్పేవారు. పుస్తకం బ్యాగులోనే ఉండేది. క్లాసు బయట, చేతి పంపు పక్కన ఉన్న కూరల మడుల్లో జరిగేది.

ముల్లంగి విత్తనాలు వేయించి, వారానికి ఒక్క మొక్కే పీకనిచ్చేవారు. దాన్ని కడిగి, పొడవు దారంతో కొలిచి, కాపీ పుస్తకంలో బొమ్మ వేయాలి. భూమి లోపల ఏం జరుగుతోందో అలా మెల్లిగా తెలిసేది.

ఎవరో నాన్న ఆఫీసు నుంచి కార్బన్ పేపర్ తెస్తే, చిక్కుడాకు సగానికి దాన్ని చుట్టించారు. కొన్నాళ్లకి విప్పితే ఆ సగం పాలిపోయి ఉంది. మేమంతా గుడ్లప్పగించి చూశాం.

ఏం అడిగినా ఆవిడ దగ్గర ఒకటే జవాబు.

"నాకేటి తెలుసు? సూద్దాం పట్టు."

టీచరై ఉండి తెలీదంటారేమిటని మా అమ్మ నవ్వేది. నాకు మాత్రం ఆ మాట వింటే ఒళ్లు పులకరించేది.

ఇక అసలు విషయం. దీనికి నలభై ఏళ్లు దాటింది. ఎవరికీ చెప్పలేదు.

ఆ చలికాలం లాల్ భాజీ వేశాం. ఎర్ర తోటకూర. అందులో ఇనుము ఉంటుందని, తింటే రక్తం పడుతుందని టీచర్ చెప్పారు.

మా నాన్న స్టీల్ ప్లాంట్‌లో మెషీన్ షాప్‌లో పనిచేసేవారు. మా ఇంట్లో ఇనుము అంటే అన్నం. నాకు వెంటనే ఐడియా వచ్చింది. మట్టిలో ఇనుము వేస్తే ఆకులో ఇనుము పెరుగుతుంది కదా.

టీచర్ని అడిగాను. ఆవిడ నవ్వలేదు.

"మంచి ప్రశ్నే అమ్మా. సగం మడిలో ఏసి సూద్దాం. సోమవారం దాకా ఆగు. నేను జల్లెడ పట్టి, మెత్తటి పొడి ఒక్కటే ఏస్తాను."

ఆగితే నేనెందుకవుతాను.

శనివారం టిఫిన్ డబ్బా నిండా నాన్న ఇంటికి తెచ్చి పడేసిన లేత్ మిషన్ ఇనప తురుము తెచ్చాను. మెలికలు తిరిగి, బ్లేడులా ఉండే తురుము. సగం కాదు, మడి మొత్తం కలిపేసి, పైన మట్టి కప్పేశాను. సోమవారం టీచర్ చూసి మెచ్చుకుంటారని ఆదివారమంతా ఎదురుచూశాను.

సోమవారం కలుపు తీయడానికి మా క్లాసు సుశీల మట్టిలో చెయ్యి పెట్టింది.

అరచేయి తెగిపోయింది. రక్తం చూసి అందరూ ఏడ్చారు. ఆస్పత్రిలో కుట్లు వేశారు. మధ్యాహ్నానికి వాళ్ల నాన్న డ్యూటీ డ్రెస్‌లోనే వచ్చి హెడ్‌సార్ మీద అరిచారు.

హెడ్‌సార్ మమ్మల్ని లైన్లో నిలబెట్టారు. "కిస్‌నే డాలా?" అన్నారు. ఎవరు వేశారని.

నేను కాళ్ల వేళ్లు చూసుకుంటూ నిలబడ్డాను.

టీచర్ నా వైపు ఒక్కసారి చూశారు. ఆవిడకి తెలుసు. ఆ ప్రశ్న అడిగింది నేనొక్కదాన్నే.

"నేనే తెప్పించాను సార్. ప్రయోగం కోసం," అన్నారు.

అంతే.

సుశీల చెయ్యి పదిహేను రోజుల్లో మానిపోయింది. తోట మాత్రం ఆ వారమే పోయింది. కూలీలు వచ్చి అన్ని మడులూ తవ్వేసి, మొరం పోసి చదును చేశారు. పీకని ముల్లంగులు అందులోనే ఉండిపోయాయి. ఇకపై పిల్లల్ని క్లాసు గది దాటించకూడదని టీచర్ చేత రాయించుకున్నారట.

నాలుగేళ్ల తర్వాత మా చెల్లి అదే క్లాసుకి వచ్చింది. వరలక్ష్మి టీచర్ సైన్స్ ఎలా చెబుతున్నారే అని అడిగాను.

"బోర్డు మీద రాస్తుంది, మేం దించుకుంటాం. ఏదైనా అడిగితే పుస్తకంలో చూసుకో అంటుంది."

ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

పెద్దయ్యాక ఎన్నోసార్లు చెబుదామనుకున్నాను. కూరల మార్కెట్‌లో కలిసేవారు, పిల్లల గురించి అడిగేవారు. చెప్పలేకపోయాను. రెండేళ్ల క్రితం గట్టిగా నిశ్చయించుకుని ఇంటికే వెళ్లాను. ముందంతా సిమెంటు. ఒక్క కుండీ లేదు.

"మొక్కలు పెట్టలేదేం టీచర్?" అన్నాను.

"ఎందుకమ్మా. ఆ సరదా ఎప్పుడో సచ్చిపోనాది."

టీ తాగి వచ్చేశాను.

నిన్నటి నుంచి స్కూల్ గ్రూపులో మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. మా తర్వాత చదివినవాళ్లంతా రాస్తున్నారు. స్ట్రిక్ట్ అట. హ్యాండ్‌రైటింగ్ ముత్యాల్లా ఉండేదట. నోట్స్ బాగా ఇచ్చేవారట.

వాళ్ల తప్పు లేదు. వాళ్లకి నేను మిగిల్చిన టీచర్ ఆవిడ.

ఇప్పుడు ఇదంతా రాయడం వల్ల ఒరిగేదేమీ లేదని తెలుసు. వినాల్సిన మనిషి లేరు.

టీచర్, ఆ రోజు మీరు నా పేరు చెప్పి ఉంటే నాకు నాలుగు దెబ్బలు పడేవి. సాయంత్రానికి మర్చిపోయేదాన్ని. మీరు మీలాగే ఉండేవారు.

వెళ్లి రండి టీచర్. మీ ప్రాణానికి ఇకనైనా నెమ్మది దొరకాలి.